ఒక్కరికే చోటు

సంసారి అన్నవాడికి ఒంటి సీటు మోటారు సైకిలును మించిన సౌఖ్యం ఈ భూమ్మీద లేదు. అది ఇటలీ దేశపుదై ఉండాలి, ఎర్రగా ఉండాలి, పందేల కోసమే పుట్టినదై ఉండాలి. కాదనే వాళ్లుంటే ఒక్కసారి ఆదోని వచ్చి, నాగేశ్వరయ్య గారిని చూసి, ఆ తర్వాత మాట్లాడండి!

వెనక సీటున్న బండి కొన్నవాడి గతి మీకు తెలియంది కాదు. ఆ సీటు కనిపించిన మరుక్షణం ఊళ్లో లేని చుట్టరికాలు పుట్టుకొస్తాయి. మేనత్తను కంటి డాక్టరు దగ్గర దింపాలి, పెద్ద బావమరిదిని స్టేషనుకు చేర్చాలి, తద్దినం పెట్టించిన అయ్యవారిని అరటికాయలతో సహా ఇంటి దగ్గర వదలాలి. అదే ఒంటి సీటైతే? "అయ్యో, చోటు లేదే" అని ఒక్క మాట అని, ముఖంలో కొంచెం విచారం పెట్టుకుంటే సరి. మర్యాద పోదు, మనిషీ ఎక్కడు. ఇంత గొప్ప ఉపాయం మన పెద్దలకు ఇన్ని వందల ఏళ్లలో ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

నాగేశ్వరయ్య గారికి మాత్రం తట్టింది. ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం, దానికి తోడు సొంత వేరుశనగ నూనె మిల్లు. ముప్పై రెండేళ్ల వయసు, పెళ్లయి పన్నెండేళ్లు. ఆదోని బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడాది, పత్తి బేళ్ల పని మీద ఆయన బొంబాయి వెళ్లారు. పని ముగించుకుని బజారులో నడుస్తుంటే అద్దాలు బిగించిన ఒక మోటారు షాపులో అది కనిపించింది.

దానిమ్మ గింజ రంగు ట్యాంకు. దూకబోయే ముందు పిల్లి వంగినట్టు ముందుకు వంగిన ఒళ్లు. హ్యాండిలు ఎంత కిందికి ఉందంటే, నడిపేవాడు దాదాపు సాష్టాంగపడాలి. ఆయన గంటసేపు అద్దం బయటే నిలబడ్డారట. పెళ్లిచూపులకు వచ్చిననాడు పావుగంట కూర్చోలేక మార్కెట్టు టైమవుతోందని లేచిపోయిన మనిషి! చివరికి లోపలికి వెళ్లి ట్యాంకు మీద చెయ్యి వేశారు. షాపువాడు స్టార్టు చేసి చూపించాడు. ఆ అదురు అరికాలిలో మొదలై కడుపులోంచి గుండెకు పాకిందని చెబుతూ ఆయన ఇప్పటికీ గుటక మింగుతారు. ఆ గుటకలో అబద్ధం లేదు. పన్నెండేళ్లలో ఆయన ముఖం అంతగా వెలిగిన రోజు మరొకటి లేదని ఆ ఇంట్లో వాళ్లే ఒప్పుకుంటారు.

బండి చెక్కపెట్టెలో పడుకుని రైల్లో ఆదోని చేరింది. బేళ్లకు కొక్కేలు వేసి ఈడ్చే హమాలీలు ఆ రోజు కొక్కేలు పక్కన పారేసి, పెట్టెను కొత్త పత్తి పరుపు మీద ఇంటికి మోసుకొచ్చారు. నాగేశ్వరయ్య గారి తల్లి శాంతమ్మ గారు హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కోడలు అమృతవల్లి ట్యాంకుకు కుంకుమ బొట్టు పెట్టబోతే, రంగు పోతుందని ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. భార్య చెయ్యి నలుగురిలో పట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి. ఇటలీ వాళ్లకు ఆ పుణ్యం కూడా దక్కింది.

అంతటి బండి ఎక్కడుండాలి? కొట్టంలో అప్పటికే ఒక గూడు బండి, జత ఎద్దులు ఉన్నాయి. ఎద్దుల పేడ వాసనకు ఇటలీ ఇనుము తుప్పు పడుతుందని ఆయనకు అనుమానం వచ్చింది. వారం తిరక్కుండా గూడు బండినీ ఎద్దులనూ బసప్ప అనే బండివాడికి అమ్మేశారు. బసప్ప వాటితో రైలు దిగిన యాత్రికులను మంత్రాలయం చేరవేయడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఇంటి ఆడవాళ్లు బస్సెక్కరు. కాలినడకన ఊరు దాటరు. పుట్టింటికి పోయినా, గుడికి పోయినా సొంత ఇంటి గూడు బండిలో, తెర దించుకుని పోవాలి. నాలుగు తరాలుగా తప్పని మర్యాద. గూడు బండి అమ్మేశాక ఆ మర్యాద ఇంకా గట్టిపడింది, ఎందుకంటే ఇప్పుడు ఆడవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. చూశారా, ఒక్క సీటు ఎన్ని చిక్కులు విప్పిందో!

ఇక ఆయన ఆనందం సంగతి వినండి. పంచె విడిచి ప్యాంటు వేసుకుని, ఆదోని కొండలు వెనక్కి పోతుంటే ఎమ్మిగనూరు రోడ్డు మీద మొదటిసారి దౌడు తీసినప్పుడు, ఆయన పాట పాడారట. గాలికి పాట నోట్లోకే తిరిగొచ్చిందట. రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి చేలల్లో పత్తి తీస్తున్న కూలీలు నడుం ఎత్తి చూశారు. గుంటలొచ్చిన చోట ఎగిరి మళ్లీ సీటు మీదే పడ్డారు, గుంట లేని చోట వచ్చే గుంట కోసం ఎదురుచూశారు. పద్దెనిమిది మైళ్లు అరగంట దాటగానే అయిపోయాయి. ఇంకో ఊరు కాస్త దూరంగా కట్టి ఉండాల్సిందని ఆయన బాధ.

రోజూ పోవడానికి కారణం కావాలి కదా. దేవుడు కరుణించి దాన్నీ సమకూర్చాడు. ఎమ్మిగనూరులో ఆయన అత్తగారు కమలమ్మ గారు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మంచం పట్టిన అత్తగారిని రోజూ పరామర్శించే అల్లుడు మన జిల్లాలో ఎంతమంది? నాగేశ్వరయ్య గారు రోజూ వెళ్లారు. అయితే ఆ బండి ఒకసారి ఆగితే మళ్లీ బయల్దేరడానికి పదిహేను తన్నులు కావాలి. అందుకని ఇంజను ఆపకుండా వీధిలోనే నిలబడి, గుమ్మంలోంచి "ఎట్లుండావత్తా" అని కేకేసేవారు. లోపలి నుంచి ఆవిడ ఏదో అనేది. ఆ మోతలో వినబడేది కాదు. ఆయన తల ఊపి వెనక్కి తిరిగేవారు.

ఇంటికొచ్చాక అమృతవల్లి అడిగేది. "మాయమ్మ ఏమనింది?"

"బాగుండాది."

"బాగుండానని తానే అన్యాదా?"

"ఏమో అన్యాది. మోతలో నాకినపల్లా."

పదకొండు రోజులు ఇదే మాట. పన్నెండో రోజు అమృతవల్లి తనను బస్సులోనైనా పంపమంది.

"బస్సులోనా? మన ఇండ్లల్లో ఆడోళ్లు బస్సెక్కినారని యాడన్నా ఇన్నావా?" అన్నారు ఆయన.

"పోనీ మీ బండి మీద తీసకపోండి."

"నీకు తెలీదా? దాని మీద ఒక్కరికే సోటు."

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే విచారం ఉంది. ఆ విచారం ఎంత బాగా కుదిరిందంటే, ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్ర పట్టింది. నాకు మాత్రం ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా వ్యాసం మొదట్లో అన్న మాటకు కట్టుబడి, మోటారు సైకిలును పొగడడమే నా పని.

ఆ తర్వాత నూనె సంగతి వచ్చింది. బొంబాయి షాపువాడు ఇంజనులో పోయడానికి రెండు డబ్బాల నూనె ఇచ్చాడు. డబ్బా మీది రాత ఎవరికీ రాదు. శాంతమ్మ గారు మూత తీసి వాసన చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"దీంట్లో ఏ జంతువు కొవ్వు కలిపినారో. వంటింటి పక్కన ఇది ఉంటే నేను పచ్చి నీళ్లు ముట్టను."

తల్లి పస్తుండడం ఆయన చూడలేరు. డబ్బాలు వీధిలోకి పోయాయి. మరి ఇంజనుకు? పందేల బండ్లలో ఆముదం పోస్తారని షాపువాడు మాటల్లో అన్నది ఆయనకు గుర్తుంది. ఆముదం దీపానికీ, పిల్లల కడుపు కడగడానికీ పోసేది. దానితోనే ఇంజను అంత పరుగెడితే, మనుషులు తినే నూనె పోస్తే ఎంత పరుగెత్తాలి? పైగా సొంత మిల్లు సరుకు, రెండుసార్లు వడగట్టింది, మూడు తాలూకాల్లో పేరున్నది. ఇంజనులోని పాతదంతా కార్చేసి, వేరుశనగ నూనె నిండుగా పోశారు. మడి చెడలేదు, తల్లి భోంచేసింది, మిల్లుకూ గౌరవం దక్కింది.

మర్నాడు పొద్దున ఆయన బయల్దేరితే వీధి వీధంతా కమ్మటి వాసన. ఇళ్లలోంచి జనం బయటికొచ్చి, ఎవరింట్లో బజ్జీలు వేస్తున్నారని ఒకరినొకరు అడిగారు. ఒక మోటారు సైకిలు ఊరందరికీ ఆకలి పుట్టించడం కన్నా ప్రజాసేవ ఏముంటుంది?

ఆ రోజే బసప్ప ఖాళీ గూడు బండి తోలుకుని అదే వీధిన వచ్చాడు. ఆ ఎద్దులకు ఒక అలవాటుంది. పాత ఇంటి ముందుకు రాగానే నిలబడిపోతాయి. బసప్ప రోజూ అదిలించి తోలుకుపోయేవాడు. ఆ రోజు అదిలించేలోపే అమృతవల్లి బట్టల మూటతో గుమ్మం దిగింది.

"యాడికి?" అన్నారు శాంతమ్మ గారు.

"మాయమ్మ దగ్గరికత్తా. మన బండే, మన ఎద్దులే, మన గడప ముందరే నిలబడినాయి. ఇంకేం తక్కువైంది సెప్పు."

శాంతమ్మ గారు ఎంత వెతికినా నాలుగు తరాల మర్యాదలో ఎక్కడా చిల్లు దొరకలేదు. లోపలికి వెళ్లి ఒక చెంబు నీళ్లు తెచ్చి బండిలో పెట్టి, తెర తనే దించారు.

ఇక అక్కడ మన వీరుడి సంగతి. కోటేకల్లు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఒకసారి మూలిగి, పొగ కక్కి, బిగుసుకుపోయింది. పదిహేను తన్నులు తన్నారు. తర్వాత ఇంకో నలభై. కిక్కు రాడ్డు కదలదు. తూముగట్టు మీద కూర్చుని, కాలిపోతున్న ట్యాంకును రుమాలుతో తుడుస్తూ, మధ్యాహ్నం దాకా ఎండలో ఎండారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. ఆ ఒక్కచోట నాకూ జాలేసింది, ఒప్పుకుంటాను.

అప్పుడు గంటల చప్పుడు వినిపించింది. తన ఎద్దులు, తన బండి. ముందు బసప్ప.

"ఏమప్పా, ఈడ కూకున్యావు?" అన్నాడు బసప్ప. విషయం విని, బండి చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూసి, మోకు తెచ్చాడు. మోటారు సైకిలు మెడకు ఒక కొస, గూడు బండి వెనక కమ్మికి ఇంకో కొస కట్టాడు. "నువ్వు పైన కూకోని అది పట్టుకోవల్లప్పా. లేకుంటే పక్కకు పడతాది."

అలా ఆయన తన ఒంటి సీటు మీద, సాష్టాంగపడి, ఎద్దుల వెనకాల బయల్దేరారు. ఆ మోటారు సైకిలు చప్పుడు చేయకుండా నడవడం అదే మొదలు. ఎమ్మిగనూరు కనిపించింది. ఆ రోజు సంత. బజారు నిండా పత్తి కొనేవాళ్లు, నేతగాళ్లు, రోజూ ఆయన్ను నోరెళ్లబెట్టి చూసే జనం. ఆయన బసప్పను ఆపమని, గొంతు తగ్గించి బతిమాలారు.

"దీన్ని ఈడనే ఎవురింట్లోనన్నా పెడదాం. నేను లోపల కూకుంటా, తెర దించుకోని."

బసప్ప వెనక్కి తిరిగి తెర వైపు చూశాడు. తెర కదల్లేదు. లోపలి నుంచి ఒక ఆడగొంతు మాత్రం వచ్చింది, అందులో ఎక్కడా కోపం లేదు, కావలసినంత విచారం ఉంది.

"అయ్యో, ఒక్కరికే సోటుండాది."

ఆయన ఆ గొంతు గుర్తుపట్టారు. మళ్లీ హ్యాండిలు మీదికి వంగారు. ఎద్దులు సంతలోంచి నెమ్మదిగా నడిచాయి. ఎవరూ నవ్వలేదు, అదే ఆయనకు ఎక్కువ బాధ అయింది. అందరూ దారి ఇచ్చి, వాసన పీల్చి, చూస్తూ నిలబడ్డారు.

కమలమ్మ గారి వీధిలో ఆ పూట ఆయన అలవాటు కేకే తప్ప మోత లేదు. అందువల్ల లోపలి మంచం మీంచి వచ్చిన మాట పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి బయటికి స్పష్టంగా వినిపించింది. ఆవిడ రోజూ అంటున్నది ఆ ఒక్క మాటేనట.

"నాయనా, అమృతను యాల తీసకరాలేదు?"

వీధిలో మోటారు సైకిలు పట్టుకుని నిలబడ్డ నాగేశ్వరయ్య గారు విన్నారు. ఈసారి తల ఊపలేదు.

కనుక మహాశయులారా, ప్రతి సంసారీ ఒంటి సీటు ఇటలీ బండి కొనుక్కోవాలనే నా సిద్ధాంతంలో మార్పు లేదు. అది చెడిపోతేనే ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. ఒక్క సంగతి మాత్రం సవరించాలి, వ్యాసంలో అబద్ధం మిగలకూడదు. ఆ గూడు బండిలో నలుగురు హాయిగా కూర్చోవచ్చు. ఆ రోజు లోపల ఒక బట్టల మూట, ఒక నీళ్ల చెంబు, ఒక మనిషి తప్ప ఏమీ లేవు. నాకు బాగా తెలుసు, లోపల కూర్చున్నది నేనే.