మూతల కర్ర కేసులో మెర్విన్ పాస్కో

"ఈ ఊళ్లో నేరం చేసి తప్పించుకున్నవాడు ఇంతవరకూ లేడు గ్వెండా. ఎందుకో తెలుసా? నేనున్నాను కాబట్టి," అన్నాడు మెర్విన్ పాస్కో.

"ఈ ఊళ్లో ఇంతవరకూ నేరమే జరగలేదు కాబట్టి," అంది గ్వెండా హోస్కింగ్.

మెర్విన్ ముప్పై ఏళ్లపాటు బిల్లరంగ్‌లో నీటి మీటర్లు చదివాడు. రిటైరయ్యాక చదవడానికి మీటర్లు లేక మనుషుల్ని చదవడం మొదలుపెట్టాడు. మీటర్లు చదివినప్పుడు తప్పులు తక్కువగా వచ్చేవి. డిటెక్టివ్‌గా అతను ఇంతవరకూ రెండు కేసులు పట్టాడు. మొదటిది పాస్టరుగారి సైకిల్. మెర్విన్ దాన్ని దారిలో అడ్డగించి పట్టుకున్నాడు. అప్పుడు దానిమీద పాస్టరుగారే ఉన్నారు. రెండోది లైబ్రరీ ఆవిడ పిల్లి. పిల్లిని తెచ్చి అప్పగించాడు. అసలు పిల్లి మర్నాడు దానంతటదే ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆవిడకి రెండు పిల్లులు.

అటువంటివాణ్ణి గ్వెండా పిలవలేదు. గురువారం మధ్యాహ్నం పాటల సంఘం గది తాళం తీసి, బీరువా పక్కన ఉత్త మేకు చూసి "అయ్యో" అంది. వీధిలో పోతున్న మెర్విన్ ఆ మాట విన్నాడు. అంతే.

ఆ మేకుకి ఉండాల్సింది మూతల కర్ర. నిలువెత్తు చీపురు కర్రకి బీరు సీసా మూతలు మేకులతో వదులుగా కొట్టి, అడుగున రబ్బరు బూటు తొడిగిన వాయిద్యం. నేలకేసి కొడితే వంద గజ్జెలు ఒక్కసారి మోగినట్టుంటుంది. స్టాన్ ట్రెగియర్ చేశాడు దాన్ని. ఏటా అడవిలో శని ఆదివారాలు జరిగే పాటల శిబిరాన్ని శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆ కర్రతో మూడు దెబ్బలు కొట్టి మొదలుపెడతారు. ఆ ఏడు తాగిన మొదటి సీసా మూతని దానికి కొడతారు. ఇది నలభయ్యో ఏడు. స్టాన్ జులైలో పోయాడు. ఈసారి మూత కొట్టేది అతని భార్య ఎల్మా.

ఎల్మాకి ఎనభై నాలుగేళ్లు. ముందురోజే ఫోన్ చేసింది. "ఇంకేమీ వద్దమ్మాయ్. కారు దిగగానే ఆ చప్పుడు వినిపిస్తే చాలు."

"వినిపిస్తుంది ఎల్మా, నేను చూసుకుంటాను," అంది గ్వెండా. సంఘం కార్యదర్శి తనే. కర్ర పూచీ తనదే.

"ఆధారాలు తాకకు!" అంటూ మెర్విన్ గదిలోకి వచ్చి, నేలమీదున్న సీసా మూత తీసి జేబులో వేసుకున్నాడు. "దంతాల గాటు కనిపిస్తోందా? దొంగ సీసాని పళ్లతో తీసే రకం. ఈ ఊళ్లో అంత కఠినాత్ముడు ఒక్కడే. క్లారీ రాఫర్టీ."

"క్లారీయా? పొద్దున్నుంచీ అడవిలో మరుగుదొడ్డికి గొయ్యి తవ్వుతున్నాడు పాపం."

"గొయ్యి," అన్నాడు మెర్విన్ గొంతు తగ్గించి. "దేనికోసం గ్వెండా? దేన్ని పూడ్చడానికి?"

"చెప్పాను కదా, మరుగుదొడ్డికని."

మెర్విన్ వినలేదు. గుమ్మం దగ్గర దుమ్ములో బూటు ముద్ర కనిపించింది. ఆ ముద్రని అచ్చు తీయాలన్నాడు. శిబిరంలో రొట్టెలకని తెచ్చిన నాలుగు కిలోల పిండి విప్పి, నీళ్లు కలిపి, ముద్రలో పోశాడు. అరగంటకి అచ్చు ఆరింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, తన బూటు పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"నా బూటులాంటి బూటే కొన్నాడు," అన్నాడు. "నన్ను ఇరికించడానికి. మనం మామూలువాడితో పెట్టుకోలేదు."

గ్వెండా ఖాళీ పిండి సంచి మడిచి చెత్తబుట్టలో వేసింది. జాబితాలో 'రొట్టెలు' కొట్టేసింది. ఆ జాబితా మీద పెద్ద అక్షరాలతో ఒక నియమం రాసి ఉంది: ఎవరి సామాను మీద వాళ్ల పేరు చెరగని సిరాతో రాయాలి. నియమం పెట్టింది గ్వెండాయే. అయినా పోయినేడు ఆమె తువ్వాలే పోయింది. దాని గురించి ఏడాదిపాటు అందర్నీ అడిగింది.

శుక్రవారం పొద్దున ఇద్దరూ నలభై కిలోమీటర్ల మట్టిరోడ్డు పట్టి అడవికి వెళ్లారు. దారంతా గతుకులు. వాగు ఒడ్డున జామాయిల్ చెట్ల మధ్య క్లారీ మరుగుదొడ్డి కట్టడం ముగిస్తున్నాడు. గొయ్యి, గొయ్యి మీద రంధ్రం ఉన్న చెక్కపెట్టె, చుట్టూ నాలుగు గుంజలకి గోనెపట్టా, ముందు ఒక తెర. తలుపు లేదు, గడియ లేదు. నలభై ఏళ్లుగా అంతే. లోపల ఉన్నవాళ్లు పాడుతూ ఉండాలి. పాట వినిపిస్తే బయటివాళ్లు ఆగుతారు. వినిపించకపోతే ఖాళీ అని తెర తీస్తారు. ఎవరు ఎంతసేపు పాడతారో అందరికీ తెలుసు. క్లారీది పదహారు చరణాలు.

మెర్విన్ మరుగుదొడ్డి మూల గుంజకి చేరగిలబడి, కాలు మీద కాలు వేసుకుని, జేబులోంచి మూత తీశాడు.

"ఇది గుర్తుందా రాఫర్టీ?"

"మొన్న మధ్యాహ్నం నేను తాగినదాని మూతలా ఉంది. టెంట్ల సామాను ఎక్కించేటప్పుడు పడిపోయుంటుంది."

"ఒప్పుకున్నాడు! రాసుకో గ్వెండా. పళ్లతో తీశావు కదూ?"

క్లారీ నోట్లోంచి పళ్ల సెట్టు, పైదీ కిందదీ, తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "వీతితో తీత్తే కొత్తవి వువ్వు కొంతావా?" అన్నాడు. మళ్లీ పెట్టుకుని, "వీటితో తీస్తే కొత్తవి నువ్వు కొంటావా గురూ అని అడుగుతున్నా," అన్నాడు.

మెర్విన్ మూత మళ్లీ జేబులో వేసుకున్నాడు. "అయితే ఆ గాటు సీసా తెరిచే పనిముట్టుది. అంటే దొంగ నువ్వు కాదు. సంతోషం. దొంగ కూరబీవాడు."

కూరబీ పక్క ఊరు. వాళ్లకీ పాటల సంఘం ఉంది. మూతల కర్ర మాత్రం లేదు.

"ఇప్పటికి ఆ కర్ర ఇక్కడికి రెండొందల కిలోమీటర్ల అవతల ఉంటుంది," అన్నాడు మెర్విన్ గుంజని అరచేత్తో కొట్టి. "కావాలంటే రాసిస్తాను."

"గుంజ ఊపకు," అన్నాడు క్లారీ. "నాలుగోది దొరక్క గుడ్డ కవరుతో సహా పాతాను. ముడి విప్పే ఓపిక లేదు."

మధ్యాహ్నం కూరబీవాళ్లు దిగారు. వాళ్లలో అకార్డియన్ వాయించే ఫెర్గస్ భుజాన పొడుగాటి సంచి ఉంది. మెర్విన్ ఆ సంచి మీద దూకాడు. సంచిలో గాలం కర్ర ఉంది. గాలం మెర్విన్ చొక్కా జేబుకి గుచ్చుకుంది. విడిపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చొక్కా జేబు ఫెర్గస్ దగ్గరే ఉండిపోయింది.

"మామూలుగా చేపలు ఇంత గొడవ చెయ్యవు," అన్నాడు ఫెర్గస్.

నాలుగింటికి గ్వెండా వంటశాల బల్ల దగ్గర కూర్చుని, ఎల్మాకి చెప్పాల్సిన మాటలు వెతుక్కుంది. 'పోయింది' అనాలా, 'కనిపించడం లేదు' అనాలా? స్టాన్ చేత్తో కొట్టిన మేకులు. చప్పుడు వింటే చాలంది ఆవిడ. ఇంకో మాటేదీ అడగలేదు.

"అధైర్యపడకు," అన్నాడు మెర్విన్, టీ డబ్బా మంటమీంచి దించుకుంటూ. "కూరబీ ముఠా టెంట్లు మరుగుదొడ్డి పక్కనే వేశారు. నేను లోపల కూర్చుని వాళ్ల రహస్యాలు వింటాను. శత్రువు గుహ దగ్గర, ఊపిరి బిగబట్టి..."

"పాడుతూనా?"

"డిటెక్టివ్ పాడడు గ్వెండా."

"ఎవరైనా వస్తేనో?"

"నా చెవులు పాము కదలికని కూడా పడతాయి."

మెర్విన్ లోపలికి వెళ్లాడు. కూరబీవాళ్లు సాసేజీల గురించి, ఉల్లిపాయల గురించి మాట్లాడుకున్నారు. అందులో సంకేతభాష ఉందని అతనికి గట్టి అనుమానం. పది నిమిషాలు గడిచాయి. రెండు కప్పుల టీ కూడా లోపల తన పని తను చేసింది. ఎలాగూ ఇక్కడే ఉన్నాం కదా అని ప్యాంటు దించి కూర్చున్నాడు.

నాలుగున్నరకి ఎల్మా కారు వచ్చింది. గంటన్నర ముందు. గ్వెండా బల్ల దగ్గర్నుంచి లేచింది. ఎల్మా దిగి, చేతికర్ర ఊని, చుట్టూ చూసింది. చెవి పెట్టి వింది. ఏ చప్పుడూ లేదు.

"ఎల్మా, మీతో ఒక్క మాట..."

"ముందు పని, తర్వాత మాట అమ్మాయ్. నలభై కిలోమీటర్ల గతుకులు. ఎనభై నాలుగేళ్ల దాన్ని." ఎల్మా నేరుగా గోనెపట్టా వైపు నడిచింది.

గ్వెండా వెనకాలే పరిగెత్తింది. "అది కాదు ఎల్మా, కర్ర... స్టాన్ కర్ర... నా పూచీలో ఉండి... ఆగండి, లోపల మెర్..."

ఎల్మా తెర దగ్గర ఆగి వింది. పాట లేదు. తెర తీసింది.

తర్వాత వినిపించిన కేక మెర్విన్‌ది. ఎల్మా అరవలేదు. అరవడానికి అక్కడ తగినదేమీ కనిపించలేదని తర్వాత చెప్పింది. మెర్విన్ లేవబోయాడు. ప్యాంటు కాళ్లకి అడ్డం పడింది. చేతికందిన మూల గుంజని కావలించుకున్నాడు. గుంజ మట్టిలోంచి ఊడి వచ్చింది. గోనెపట్టా మూడు వైపులా కూలింది. గుంజ కవరు పాతది, కుట్టు పైనుంచి కిందికి చిరిగింది, లోపల చుట్టిన గుడ్డ జారింది. గుంజతో సహా మెర్విన్ నేలమీద పడ్డాడు.

వంద గజ్జెలు ఒక్కసారి మోగాయి.

కూరబీవాళ్లు సాసేజీలు వదిలి లేచి నిలబడ్డారు. చెట్టుమీది పిట్టలు లేచాయి. క్లారీ చేతిలో పార ఆగింది. ఎల్మా కదల్లేదు. చప్పుడు పూర్తిగా అణిగేదాకా అలాగే నిలబడింది.

"వచ్చాడు," అంది. "ఎప్పుడూ ఇంతే. నేను మరుగుదొడ్డికి పోయే వేళకే మొదలుపెట్టేవాడు."

అప్పటికి జనం చేరారు. మెర్విన్ చేతికందిన గుడ్డ నడుముకి చుట్టుకుని, కర్ర నిలబెట్టి పట్టుకుని, లేచి నిలబడ్డాడు. ముఖం మీద మట్టి. కంఠం మాత్రం ఖంగుమంది.

"మిత్రులారా! ఎవరూ కలలో కూడా ఊహించని చోట దాచాడు. కానీ మెర్విన్ పాస్కో కన్ను కప్పలేకపోయాడు. ఇక దొంగ పేరంటారా, వాడు కాకలు తీరిన నేరస్తుడు. తన పేరు తెలిపే ఒక్క ఆనవాలు కూడా వదల్లేదు!"

చెప్పి, వెనక్కి తిరిగి, ప్యాంటు వెతుక్కోసాగాడు.

వెనక్కి తిరగడంతో నడుముకి చుట్టిన తువ్వాలు అందరికీ కనిపించింది. నీలం తువ్వాలు. దాని నడిమధ్య, చెరగని సిరాతో, అరచెయ్యంత అక్షరాలతో రాసి ఉంది: గ్వెండా హోస్కింగ్.

గ్వెండాకి అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు తిరుగుదారి. గతుకులు. వెనక సీట్లో కర్ర ఆగకుండా మోగడం. మూడో కిలోమీటరు దగ్గర కారాపి, దాన్ని తువ్వాల్లో బిగించి చుట్టి, గుడ్డ కవర్లో దూర్చి, వంకరపోకుండా టెంటు గుంజల కట్టలో పెట్టింది. నిశ్శబ్దంగా ఇల్లు చేరింది. కర్రని కట్టలోంచి తీసి మేకుకి తగిలించడం మర్చేపోయింది. ఆ తర్వాత తువ్వాలు కోసం ఏడాది వెతికింది.

క్లారీ ఆ పేరు చదివాడు. ఫెర్గస్ చదివాడు. ఎల్మా కళ్లజోడు సర్దుకుని మరీ చదివింది. తర్వాత గ్వెండా వైపు చూసింది. గ్వెండా ముఖం కందిపోయింది.

"ఎల్మా, అది నేనే..."

"చప్పుడు వినిపిస్తుందన్నావు, వినిపించావు," అంది ఎల్మా. ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పింది. "ఆ తువ్వాలు తిరిగిచ్చాక మాత్రం మరిగే నీళ్లలో వెయ్యి."

ఆరింటికి ఎల్మా నలభయ్యో మూత కొట్టింది. సుత్తి రెండుసార్లు తప్పింది, మూడోసారి మేకు దిగింది. కర్ర మూడు దెబ్బలు మోగింది. మొదటి పాట ఎవరిదని గ్వెండా జాబితా తీసింది.

"జాబితా ఎందుకు?" అంది ఎల్మా. "మెర్విన్ నాయనా, నువ్వు లే. ఇందాక పాడాల్సిన పాట ఒకటి బాకీ పడ్డావు."