అశోక చెట్లకు ట్రయల్

ఆ ఆదివారం పొద్దున్న టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడాది పొడుగునా ఆకు రాల్చని చెట్లు పెరటి గోడ వెంట ఓ వరస నాటించాలి. పక్కింటి మేడమీది కిటికీకి తన పెరడు కనపడకూడదు.

కారణం మాత్రం చిన్నది కాదు. యాభై ఏడేళ్ళొచ్చినా ఆయనకు సైకిలు తొక్కడం రాదు. భార్యకు తప్ప ఈ సంగతి మూడో కంటికి తెలియదు. అడిగినవాళ్ళందరికీ మోకాలి నొప్పని ముప్ఫయ్యేళ్ళుగా చెప్పుకొస్తున్నాడు. ఈమధ్య మనవరాలు ఫోన్లో, "తాతయ్యా, సెలవులకొస్తున్నా, ఇద్దరం చెరో సైకిలు మీద పార్కు దాకా పోదాం!" అంది. ఆ గొంతు వినగానే కరిగిపోయి సరేననేశాడు. మూడు వారాలుగా పెరట్లో పడి లేస్తూనే ఉన్నాడు. పిల్ల రావడానికి ఇంక పదిరోజులే ఉంది. పక్కింటి కిటికీ కిర్రుమన్నప్పుడల్లా ఈయన గుండె జారుతుంది, వెనకే సైకిలూ జారుతుంది. ఆ మేడమీద ఉండేది రిటైరైన పంతులమ్మగారు. ఆవిడ కంటపడితే వీధంతా కోడై కూస్తుందని ఈయన భయం.

నర్సరీ అతను చూపించిన మొక్కలన్నిటికీ టైలరు వంక పెట్టాడు. క్రోటన్లు మోకాలు దాటవు, అది నిక్కరు. సరుగుడు ఒట్టి నెట్ క్లాత్, లైనింగ్ వెయ్యాలి. చివరికి పొడుగాటి అశోక చెట్ల దగ్గర ఆగాడు. అవి కింద దాకా ఒత్తుగా ఉన్నాయి.

"ఇవి బావున్నాయి. ముందు ట్రయల్ వేద్దాం."

"చెట్లకి ట్రయలేంటండీ?"

"నేను ట్రయల్ చూడకుండా జాకెట్టుకే కత్తెర పెట్టను. తొట్లతో సహా తీసుకురా, వరసగా నిలబెట్టి చూస్తాం. కుదరకపోతే సాయంత్రం పట్టుకెళ్దువుగాని."

వచ్చిన చిక్కల్లా, ట్రయల్ చూడాల్సింది పక్కింటి కిటికీలోంచి. టైలరు మెడలో టేపు వేసుకుని పంతులమ్మగారి మెట్లెక్కాడు. మీ కిటికీకి ఊరికే కర్టెను కుట్టిపెడతానన్నాడు. ఆవిడ పొంగిపోయింది. కింద పెరట్లో భార్య సైకిలు నడిపించుకుంటూ తిరుగుతోంది. ఈయన పైనుంచి టేపు ఊపితే నర్సరీ అతను తొట్లు జరుపుతున్నాడు.

"కిటికీ ఇక్కడుంటే బయట కొలుస్తున్నారేంటండీ?" అంది పంతులమ్మగారు.

"గాలి ఎటునుంచి వస్తోందో చూసి గుడ్డ ఎంచాలండీ."

"ఆరుసార్లు కొలిచారు!"

"కర్టెనంటే మాటలా అండీ!"

ఈలోగా వీధిలో ఇంకో కథ మొదలైంది. బండినిండా చెట్లు దిగడం చూసి మందుల షాపాయన ఆరా తీశాడు. నర్సరీ అతను ఉన్నమాటే చెప్పాడు. "వరసగా నిలబెట్టాలంట, సాయంత్రం మళ్ళీ పట్టుకెళ్ళాలేమో." ఒక్కపూటకి చెట్లంటే అలంకారం కాక మరేమిటి? టైలరు షాపు పెట్టి పాతికేళ్ళయిందని ఆయనే లెక్కగట్టాడు. పిలవడం మర్చిపోయుంటాడులే పాపమని, కుర్చీలతో సహా పాతికమందిని వెంటబెట్టుకొచ్చాడు.

 వాళ్ళు లోపలికొచ్చేలోగా భార్య సైకిలును ఇంటి పక్క సందులోకి నెట్టేసింది. ఫంక్షనా అని అడిగితే నవ్వింది. ఆ నవ్వు చూసి అందరూ చెట్ల చాటున కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ! తొందరగా దిగి రండి!" అని భార్య మేడమీదికి అరిచింది.

పైన టైలరుకు ఆకులు తప్ప ఈగ కూడా కనపడలేదు. కొలతలు అచ్చుగుద్దినట్టు కుదిరాయి! ఒక్క అంగలో మెట్లు దిగాడు. సందులో సైకిలు చూసి, భార్య తన కోసమే సిద్ధంగా పెట్టిందనుకుని మురిసిపోయాడు. ఎక్కి కూర్చున్నాడు. సందు ఏటవాలు. సైకిలు మలుపు తిరిగి తిన్నగా కుర్చీల మధ్యకి దూసుకుపోయింది.

పడదామంటే చోటు లేదు. ఎటు ఒరిగినా ఎవరో ఒకరి ఒళ్ళో పడాలి. ఆపడం ఇంకా నేర్చుకోలేదు. గత్యంతరం లేక టైలరు తొక్కాడు. ఒక చుట్టు, రెండు, అయిదు, పదకొండు. జనం ఇదే కార్యక్రమమనుకుని చప్పట్లు చరిచారు. పన్నెండో చుట్టులో సైకిలు అశోక చెట్లకి గుద్దుకుంది. తొట్లు వరసపెట్టి ఒరిగిపోయాయి.

తెర పడిపోయింది. కిటికీలో పంతులమ్మగారు నిలబడి ఉంది.

"శభాష్ టైలరుగారూ! మూడు వారాల్నుంచి చూస్తున్నా, పడ్డ చప్పుడు వినపడనిది ఇవాళే!"



"మరి మోకాలి నొప్పో?" అన్నాడు మందుల షాపాయన.

"ఇప్పుడే తగ్గింది" అన్నాడు టైలరు. జనం పగలబడి నవ్వారు. ఆయనకీ నవ్వాగలేదు. సిగ్గు ఎటుపోయిందో గానీ మనవరాలితో పార్కుకి వెళ్ళగలనన్న సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

అందరూ వెళ్ళాక పంతులమ్మగారు దిగొచ్చింది.

"ఎవరికీ చెప్పనంటే ఓ మాట. నాకూ సైకిలు రాదండీ. మీరు ఎలా పడుతున్నారో చూసి నేర్చుకుందామని రోజూ కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఆ చెట్లు మీకింక అక్కర్లేదుగా?"

మర్నాడు పొద్దున్నకల్లా అశోక చెట్లు ఆవిడ పెరట్లో వరసగా నిలబడ్డాయి, వాటి వెనకనుంచి దబ్బున చప్పుడు వినిపించింది. తన ఇంటికి మేడ లేనందుకు టైలరు మొదటిసారి బాధపడ్డాడు.