ఇంటిపేరు తెలియని లారీ

కాఫీ తాగి, చిన్న సుత్తి ఒకటి సంచిలో వేసుకుని, తాడేపల్లిగూడెం కామర్సు లెక్చరరు భానుప్రకాష్ ఆ ఉదయం ఆకివీడు బస్సెక్కాడు. పాత లారీలంటే అతనికి ప్రాణం. ముందుభాగం చూసి కంపెనీ చెప్పగలడు. చక్రం చూసి కాలం చెప్పగలడు. కాని కొల్లేటి ఒడ్డున, అబ్బాయిరాజు చేపల చెరువు గట్టుమీద, మేత బస్తాలు మోసి మోసి చతికిలబడిన లారీ ముందు మాత్రం అతని విద్య ఆగిపోయింది. గుండ్రటి రేడియేటరు, దానికి ఇత్తడి అంచు, కొయ్య తలుపులు. ఏ పెద్ద కంపెనీ పోలికా లేదు. ఇంగ్లండులో ఏదో చిన్న కార్ఖానా, అడిగినవారికి మాత్రమే చేసిచ్చిన బండి అయ్యుండాలి. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది.

"పది గంటలకి దీన్ని కోయడానికి గ్యాసు కట్టరు వస్తాడండి. రేపు సర్కారువారు గట్లు కొట్టేశాక, చెరువే లేకుండా లారీ ఏం చేసుకుంటామండీ?" అన్నాడు అబ్బాయిరాజు. "ఈలోపు దాని ఇంటిపేరు చూపించండి, ఉంచేస్తాను. లేదంటే ఇనుమేనండి."

ఒక్క ఆశ మిగిలింది. బండి ఆగిపోయిన ఏడు, డ్రైవరు యోసేపు దాని బ్రేకు డ్రమ్మును ఊరి చర్చి ముందు గంటగా వేలాడదీశాడు. పోతపోసిన అక్షరాలు దానిమీదే ఉండాలి. అయితే ఏటా క్రిస్మస్‌కు గోడలతోపాటు దానికీ సున్నం వేస్తూ వచ్చారు. భానుప్రకాష్ చర్చికి వెళ్ళి సుత్తి తీశాడు. ఒక దెబ్బ, వంగి ఒక చూపు. మళ్ళీ ఒక దెబ్బ. మళ్ళీ ఒక చూపు.

ఆ చర్చిలో ఆరాధనకు గంట గబగబా మోగుతుంది. ఆగి ఆగి మోగితే ఎవరో పోయారని అర్థం. లెక్చరరుకు ఆ సంగతి తెలియదు.

"ఎవరండీ పోయింది?" అని మొదటి గుమ్మం అడిగింది. "రాత్రంతా దగ్గింది యోసేపు బాబాయే కదండీ," అంది రెండో గుమ్మం. మూడో గుమ్మం చేరేసరికి యోసేపు తెల్లవారుజామునే పోయాడు. నాలుగో గుమ్మం పందిరి రాటలు బయటికి తీసింది. అప్పుడే దిగిన గ్యాసు కట్టరు ఏసుబాబు, "అయ్యో మావయ్యా!" అంటూ సిలిండరు లారీ పక్కనే వదిలి పరుగెత్తాడు. మంచం ఖాళీగా కనిపించేసరికి యోసేపు భార్య విక్టోరియా రాగం అందుకుంది.

"ఒక్కనాడు ఎదురు మాట అనలేదమ్మా! ఏం పెట్టినా తిన్నాడమ్మా!"

నిజానికి యోసేపు, రోజూలాగే, ఎవరికీ కనబడకుండా పాత లారీ సీటులో ముడుచుకుని కునుకు తీస్తున్నాడు. గంట మోతకు లేచి, పోయిందెవరోనని కండువా దులుపుకుని జనం వెంట నడిచి, తన గుమ్మం దగ్గరే ఆగాడు. పొగడ్తలు బాగున్నాయి. అడ్డుపడకుండా విన్నాడు. చివరికి ఉండబట్టలేక, "నిజమేనమ్మా, బంగారంలాంటి మనిషి," అని తనూ ఒక మాట కలిపాడు.

ఆ గొంతు విక్టోరియాకు తెలుసు. "ఏవయ్యా! కాఫీ చల్లారిపోతుంటే ఎక్కడ తిరుగుతున్నావు?"

ఏడవడానికి వచ్చిన జనం, గంట కొట్టిందెవరో తేల్చుకోవాలని చర్చి మీదికి కదిలింది. సుత్తితో సహా దొరికిపోయిన భానుప్రకాష్, "లారీ ఇంటిపేరండీ... రెండక్షరాలే తేలాయండీ," అన్నాడు. కోపం ఎటుపోయిందో, ఊరంతా వంగి చూసింది.

"మిగతావేవండీ?"

"ఇంకా కొట్టాలండీ."

"మళ్ళీ కొడితే ఈసారి నిజంగానే పోతానండి," అన్నాడు యోసేపు.

"సుత్తెందుకండీ? ఊళ్లో చింతపండు లేదా?" అని విక్టోరియా కొంగు దోపింది.

పులుపు తగిలి సున్నం బుసబుసా పొంగింది. కొబ్బరి పీచు గిరగిరా తిరిగింది. అక్షరాలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి: హాల్స్‌డెన్ అండ్ బ్రదర్స్. భానుప్రకాష్ ఆ పేరును ఎక్కడో ఒక్కసారి చదివాడు; బండి బొమ్మయినా చూడలేదు.

"అన్నదమ్ముల కంపెనీ అండీ. ఏడాదికి నాలుగు బండ్లు చేస్తే గొప్పట!"

పది ఎప్పుడో దాటింది. కాని కోయవలసిన ఏసుబాబు, మావయ్య బతికిన సంతోషంలో చద్దన్నానికి కూర్చున్నాడు. అబ్బాయిరాజు అక్షరాలను వేలితో తడిమాడు.

"అన్నదమ్ములు కలిసి లారీ చేశారా! మేం అన్నదమ్ములం కలిసి గట్టయినా వెయ్యలేదండీ. ఇలాంటిది ఇంకోటి దొరకదు. ఉంచేస్తాను."

ఇప్పటికీ ఆ ఊళ్లో గంట ఆగి ఆగి మోగితే, ఏడవడానికి ముందు, ఎవరైనా లారీ చూడడానికి వచ్చారేమో కనుక్కుంటారు.