ఎదురుకాళ్ళ వైద్యం

ఆ పొద్దున గాదిలింగప్ప అనుకున్న పని చిన్నదే. పొలానికి నీళ్ళు వదలడం, తిప్పేస్వామితో కలిసి ఉగ్గాని తినడం, ఎండెక్కక ముందే ఇల్లు చేరడం. దాన్ని చెడగొట్టే శక్తి హచ్చొళ్ళి ఊళ్ళో అతని కుడికాలికి తప్ప ఇంకెవరికీ లేదు.

అతను ఎదురుకాళ్ళతో, అంటే తలకన్నా ముందు కాళ్ళు బయటికొచ్చి, పుట్టినవాడు. అలాంటివాడు తంతే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళు అతని గడప దగ్గర వీపు తిప్పి నిలబడి, మూడు తన్నులు తిని, దండం పెట్టి వెళ్తున్నారు. ఇంత మర్యాద మరిగిన కాలు ఊరుకుంటుందా? రానురాను ఎవరు నడుం మీద చెయ్యి పెట్టుకున్నా లేచేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు; గాదిలింగప్ప అమ్మను మించినవాడు.

కాలువగట్టున తిప్పేస్వామి నడుం మీద చెయ్యి పెట్టి వంగి కనిపించాడు. చిన్ననాటి స్నేహితుడు, భార్య పోయి ఏడాది కాలేదు. గాదిలింగప్పకు జాలేసింది. వెనకనుంచి వెళ్ళి ప్రేమగా ఒక్కటి తన్నాడు.

నిజానికి తిప్పేస్వామి రెండో చేత్తో పైపుకు అడ్డంపడ్డ గడ్డి తీస్తున్నాడు. గడ్డితోపాటు తనూ కాలువలో పడ్డాడు.

అవతలి గట్టునుంచి అతని అన్నకొడుకు మౌనేష్ చూశాడు. "నీళ్ళ వంతు కోసం మా చిన్నాయన్ను కాలువలోకి తన్నినాడు!" అని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పాడు. మధ్యాహ్నానికి బండ్రి నుంచి తిప్పేస్వామి బావమరుదులు జీపులో అతని ఇంటి ముందు దిగారు. అది విని గాదిలింగప్ప తమ్ముడు బళ్ళారి గాంధీనగర్ నుంచి లారీ డ్రైవర్లను వెంటేసుకొచ్చాడు. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. అడిగితే వచ్చిన పని చెడుతుంది.

"నడుం పట్టిందనుకొని తన్నినానప్పా! మా ఇద్దరికీ పగ ఏంది?" అంటూ గాదిలింగప్ప అందరి ముందూ తిప్పేస్వామిని గట్టిగా వాటేసుకున్నాడు. అతను విడిపించుకోబోయాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. రాజీ కాస్తా కుస్తీ అయింది. విడదీసేసరికి రెండు చొక్కాలు చిరిగాయి. తిప్పేస్వామి ఇంట్లోకి పోయి గడియ వేసుకున్నాడు.

ఆ తలుపు తన ముఖం మీద మూసుకోవడం గాదిలింగప్ప ఎన్నడూ ఎరగడు. అన్నం సహించలేదు.

"మంచికే చేసినా కదనే," అన్నాడు భార్యతో.

"ఆయప్పకు ఏం కావాల్నో అడిగినావా?" అంది తిమ్మమ్మ. "పో. ఈసారి చెప్పొద్దు, అడుగు."

సాయంత్రం గాదిలింగప్ప వెళ్ళేసరికి తిప్పేస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గాదిలింగప్ప కిందే నిలబడ్డాడు. "తప్పైపోయింది తిప్పయ్యా. నొప్పి యాడుండాది?"

"ముప్పై ఏళ్ళ కింద ఒకసారి తన్నమంటి. మళ్ళా నువ్వు అడిగిందే లేదు, తంతానే ఉండావు. నా నడుం నొప్పి నీ కాలిదేనప్పా."

"ఒక్కమాట చెప్పకూడదా?"

"వద్దంటే యాడ రాకుండా పోతావో అని సుమ్మనే ఊరుకుంటి."

గాదిలింగప్పకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు ఆ మనిషి తనకోసం నొప్పి ఓర్చుకున్నాడు. తనేమో దండం కోసం చూశాడు. కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగాడు.

తిప్పేస్వామి అరుగు మీద కాస్త పక్కకు జరిగాడు. "ఆయమ్మ పోయినాంక నన్ను ముట్టుకున్నోళ్ళు లేరు. భుజం మీద చెయ్యేసి కూచో. వాటేసుకోవద్దు."

"ఎయ్యనా?"

"ఎయ్యి."

వేశాడు. బరువుగా ఉందా అని అడిగాడు. కొంచెం, అన్నాడు తిప్పేస్వామి. గాదిలింగప్ప చెయ్యి తేలిక చేశాడు. ఇంత చిన్న పనికి ముప్పై ఏళ్ళు పట్టిందే అని మనసు కలుక్కుమంది.

నడుం నొప్పి మాత్రం తగ్గలేదు. అయినా తిప్పేస్వామి రేపు కూడా రమ్మన్నాడు.