తాకట్టు తప్పించుకున్న ఇల్లు

ఆ శనివారం పొద్దున బెలార్మినో ఒయార్సో పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎవరికీ తెలియకుండా తన ఇంటిని ఎత్తుకుపోవాలి.

మా చిలోయే దీవుల్లో ఇల్లు ఎత్తుకుపోవడం వింతేమీ కాదు. చెక్క ఇల్లు, దాని కింద దుంగలు, ముందు ఎడ్లు. దారిలో సముద్రపు పాయ అడ్డొస్తే పీపాలు కట్టి తేల్చి పడవతో లాగుతాం. సాయం వచ్చినవాళ్ళకు కడుపునిండా పెడతాం. తాతల నాటి నుంచీ ఉన్నదే. కోర్టుకు భయపడి ఇల్లు పారిపోవడం మాత్రం అదే మొదలు.

బెలార్మినో జీవితమంతా దక్షిణాన ఎవరెవరి గొర్రెలకో ఉన్ని కత్తిరించాడు. భార్య ఓర్ఫెలినా ఎవరెవరి వంటిళ్ళలోనో వండింది. ఇద్దరూ అద్దె గదుల్లోనే ముసలివాళ్ళయ్యారు. చివరికి సొంత దీవికి తిరిగొచ్చి, ఎడ్గార్దో అనే పెద్దమనిషి దగ్గర ఇల్లూ నేలా కొన్నారు. నేల మీద బ్యాంకు తాకట్టు ఒకటి ఉందనీ, అది పేరుకేననీ, వచ్చే వారం తీయించేస్తాననీ ఆయన చెప్పాడు. ఆ వచ్చే వారం రాలేదు, ఎడ్గార్దో కూడా కనబడలేదు. వేలం వేస్తారన్న కబురు మాత్రం వచ్చింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి ఓర్ఫెలినాకు అన్నం సయించలేదు. ఒకనాడు భోజనాల దగ్గర ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"ఇంకో అద్దె గదికి నేను రాను," అంది మొగుడితో. "నన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపోవాలంటే ఈ ఇంటితో సహా తీసుకుపో."

దుఃఖంలో అన్న మాట అది. ఇంకెవరైనా అయితే ఓదార్చి ఊరుకునేవారు. కానీ అప్పుడక్కడ ఆమె అన్న అనక్లెతో ఉన్నాడు. ఆయన కాస్త్రో పట్నంలో కోర్టు బంట్రోతుగా పనిచేసి రిటైరైనవాడు. ఉద్యోగమంతా తలుపు దగ్గర నిలబడి చేశాడు కాబట్టి, న్యాయశాస్త్రం ఆయనకు తలుపు సందులోంచి వినబడినంత మేర క్షుణ్ణంగా వచ్చు.

"చెల్లి అన్నదాంట్లో పాయింటుంది బావా," అన్నాడు. "తాకట్టు నేలకి. ఇంటికి కాదు. పాయ అవతల మా నాన్న నాకిచ్చిన నేల, నా గుడిసె పోను, ఖాళీగానే ఉందిగా. తెచ్చి పెట్టుకోండి. బ్యాంకువాళ్ళు వచ్చి గడ్డి వేలం వేసుకుంటారు."

బెలార్మినో ఎడ్లున్న ఇద్దరికి మాత్రమే చెప్పాడు, అదీ ఒట్టు వేయించుకుని. శనివారం తెల్లారేసరికి ఆ ఇద్దరితో పాటు దీవి మొత్తం దిగింది. ఎడ్లు తెచ్చినవాళ్ళు ఎడ్లు తెచ్చారు, లేనివాళ్ళు అకార్డియన్ తెచ్చారు. కౌన్సిలర్‌గారు మైకుతో వచ్చి మన సంస్కృతి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. రేడియో కుర్రాడు అదంతా అన్ని దీవులకూ వినిపించాడు. గుట్టుగా పారిపోవలసిన ఇల్లు పెళ్ళికూతురులా ముస్తాబై నిలబడింది. ఓర్ఫెలినా ఇంతమందికి కోసిన ఒక్క గొర్రెనూ బంగాళాదుంప రొట్టెలనూ ఎలా సరిపెట్టాలో తెలియక నెత్తిన చేతులు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే చంకలో సంచీతో, బురదలో బూట్లు కూరుకుపోతుండగా, కోర్టు అమీనా వచ్చాడు. అనక్లెతో ఆయన్ను దూరం నుంచే గుర్తుపట్టి, బావను గబగబా కట్టెల కొట్టం వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఆయన కాగితం పైకి చదివితేనే నోటీసు చెల్లుతుంది. నేను చూడని అమీనాలా? సాయంత్రం దాకా ఆయన్ని నోరు తెరవనివ్వకండి, చాలు."

ఇక చూడాలి మర్యాద. అమీనా "అయ్యా, బెలార్మినో గారంటే..." అనేలోపు ఎవరో ఆయన నోట్లో రొట్టె పెట్టారు. అది మింగి సంచీ విప్పబోతే ఆపిల్ కల్లు గ్లాసు అందించారు. "ఒక్క చిన్న మాట" అంటే అకార్డియన్ జోరందుకుంది. చివరికి ఆయన చేతికి తాడే ఇచ్చేశారు. పాపం మంచివాడు, తాడు చేతిలో ఉండగా ఊరికే నిలబడటం నామోషీ అనుకుని ఆయనా లాగాడు. బాగానే లాగాడు. నీళ్ళ దాకా ఇల్లు ఏ ఆటంకమూ లేకుండా దిగింది.

పీపాలు కట్టారు. అందరూ దిగమన్నా ఓర్ఫెలినా ఇంట్లోంచి దిగలేదు. ఇల్లు మునిగితే తను ఉండి ఏం చేయాలని అడిగింది. అలా ఆమెతో సహా ఇల్లు తేలి, మోటారు పడవ వెనకాల ఊగుతూ బయలుదేరింది. సగం దూరం వెళ్ళాక మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇల్లు తనదారిన తను బయటి సముద్రం వైపు తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ ఓర్ఫెలినాను చూసి బెలార్మినో, ఇల్లు పోయినా ఫరవాలేదు, ఆమెను దించండని ఏడ్చాడు. ఉన్న తెడ్డు పడవలన్నీ వచ్చి తాళ్ళు పట్టుకున్నాయి. అమీనా కూడా కోటు విప్పి ఒక తెడ్డు వేశాడు. పొద్దు వాలేసరికి ఇల్లు అవతలి ఒడ్డు ఎక్కి, అనక్లెతో నేల మధ్యలో కుదురుగా కూర్చుంది. ఓర్ఫెలినా బయటకు వచ్చి, అందరి ముందూ మొగుణ్ణి కావలించుకుంది.

అనక్లెతో మీసం తుడుచుకుని అమీనాను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఇప్పుడు చదువుకోండి సార్. మీ ఇష్టమొచ్చినంత సేపు."

అమీనా నోట్లోది నింపాదిగా మింగాడు. "పొద్దుట్నుంచి చెబుదామనే చూస్తున్నానండీ. మీ నేల మీద తాకట్టు తీసేశారు. ఎడ్గార్దోకి ఉన్న వేరే ఆస్తి అమ్మించి బ్యాంకు తన బాకీ రాబట్టుకుంది. వేలం లేదు. ఇల్లూ నేలా నిక్షేపంగా మీవే. భయపడుతుంటారేమో, స్వయంగా చెబుదామని వచ్చాను."

అర్థమయ్యాక ఒడ్డంతా గొల్లుమంది. ఓర్ఫెలినా మెట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. బెలార్మినో కూడా నవ్వుతూ, రేపు మళ్ళీ ఎడ్లు కట్టి వెనక్కి లాక్కుందాం, ఇంకో గొర్రె కోస్తే పోయేదేముంది అన్నాడు. అమీనా మాత్రం నవ్వలేదు. సంచీలోంచి రెండో కాగితం తీశాడు.

"అనక్లెతో నవెల్కిన్ అంటే మీరేనాండీ?"

ఆ మోటారు పడవ ఉందే, నడిమధ్యలో ఆగిపోయినది, దాని మోటారు అప్పుకు అనక్లెతో జామీను సంతకం పెట్టాడు. పడవవాడు కట్టలేదు. ఈ నేలను, దాని మీదున్న సమస్తాన్నీ జప్తు చేయమని ఉత్తర్వు. ఆ పని మీద ఈ ఒడ్డుకు ఎలా రావాలా అని అమీనా పొద్దున దిగులుపడ్డాడట.

"ఇల్లు నాది," అన్నాడు బెలార్మినో. "పొద్దున అక్కడుంది. మీరే తాడు లాగారు."

"లాగాను. ఆ మాటే రాస్తాను. కానీ రేడియోలో దీవులన్నీ విన్నాయి, ఇల్లు లేదని ఎలా రాయను? కోర్టు తేల్చేదాకా దీన్ని కదపకూడదు."

ఎన్నాళ్ళు పడుతుందని ఎవరో అడిగారు. అందరూ అలవాటుగా అనక్లెతో వైపు చూశారు. ఏళ్ళు పడతాయని ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"ఈ అప్పు సంగతి నీకు ముందే తెలుసా అన్నయ్యా?" అని అడిగింది ఓర్ఫెలినా.

"ఇంత దూరం వస్తుందనుకోలేదమ్మా. ఇక్కడ ఒక్కణ్ణే ఉంటున్నాను. నువ్వు పక్కనుంటావనుకున్నాను." తలుపుకు ఆనుకుని ఏడ్చాడు.

ఆమె లోపలికి వెళ్ళి పళ్ళెంలో రొట్టె, మాంసం పెట్టి తెచ్చి అన్న చేతికిచ్చింది. తర్వాత ఈ ఇంట్లో తాము పడుకోవచ్చా అని అమీనాను అడిగింది. కోర్టు తరఫున కాపలా ఉన్నట్టు రాసుకుంటానని, ఉండొచ్చని ఆయన తలవంచుకుని చెప్పాడు. తన సొంత ఇంట్లో కాపలామనిషిగా ఉండటానికి ఆమె వేలిముద్ర వేసింది.

జనం పడవలెక్కి వెళ్ళిపోయారు. మొగుడూ పెళ్ళాం వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నారు. అక్కణ్ణుంచి పాయ అవతల వాళ్ళ నేల బాగా కనిపిస్తోంది. దాని మీద ఇప్పుడు తాకట్టు లేదు. ఆ మాటకొస్తే ఏదీ లేదు.