ఎర్ర బటన్‌కు బొట్టు

ఆ పొద్దున గిరిధర్ అనుకున్నది ఒక్కటే. ఎలాగైనా మోహనకృష్ణను ఓడించాలి.

డాబా మీద కూలర్ సరిచేయబోయి పడి, వెన్నుపూస దెబ్బతిని తొమ్మిది నెలలైంది. మళ్లీ నడుస్తాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. శంకర్ నగర్ ఆసుపత్రిలో ఒక రోబో మెషీన్ ఉంది. మనిషిని పట్టీలతో వేలాడదీసి, ఇనుపకాళ్లు తొడిగి, కదిలే పట్టా మీద నడిపిస్తుంది. దాని మీద మోహనకృష్ణ లెక్క నాలుగు వందల పన్నెండు అడుగులు. గిరిధర్ నూట ఎనభై దగ్గరే చతికిలబడుతున్నాడు.

మోహనకృష్ణ ఉర్లా స్టీలు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అతనూ పడినవాడే, చక్రాల కుర్చీలోనే వస్తాడు. కానీ మాటకారి. "ఆయన్ని చూడండి, ఎంత హుషారో!" అని భార్య మాలతి రోజూ అంటుంటే గిరిధర్‌కు కడుపు రగిలిపోయేది. ఒంట్లో సగం చచ్చుబడినా, మహానుభావుడికి ఏడుపుగొట్టుతనం పిసరంత కూడా తగ్గలేదు.

"ఆడి నజరే తగిలిందిరా నీకు!" అని తేల్చేసింది తల్లి పార్వతమ్మ. ఆవిడ భర్త రైలింజను డ్రైవరు. నిమ్మకాయ తొక్కించందే ఆయన కొత్త ఇంజను కదిపేవాడు కాదు. ఈ మెషీన్‌కు ఏ పూజా జరగలేదని తెలిసి ఆవిడ గుండెలు బాదుకుంది. సంచీ సర్దుకుని కొడుకూకోడళ్ల వెంట తనూ బయల్దేరింది.

గిరిధర్‌ను పట్టీల్లో బిగించి, ఫిజియోథెరపిస్టు శిల్ప మెషీన్ నడిపింది. అరవై అడుగులు పడ్డాయో లేదో, పార్వతమ్మ పట్టా మీదికి నిమ్మకాయ దొర్లించింది. అది చితికి రసం చిమ్మింది. పట్టా కీచుమంది.

"అమ్మమ్మగారూ! ఏంటిది?"

"దిష్టి దిగిపోతందమ్మా, నువ్వు కానీ!"

శిల్ప గుడ్డ తీసుకుని తుడవడానికి వంగింది. ఇదే అదననుకుని ఆవిడ కుంకుమ భరిణె తీసి, ఈ మెషీన్‌కు నుదురెక్కడా అని వెతికింది. సరిగ్గా నడిమధ్య గుండ్రటి ఎర్ర బటన్ కనిపించింది. దాని మీద బొటనవేలితో భక్తిగా, గట్టిగా బొట్టు అద్దింది.

ప్రమాదం వస్తే మెషీన్‌ను ఆపే బటన్ అది. మెషీన్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. శిల్ప ఇంజనీరుకు ఫోన్ చేసి, గిరిధర్‌తో "అంకుల్, పాంచ్ మినట్. కదలకండి, మళ్లీ స్టార్ట్ చేస్తాను" అంది.

కదలడానికి కాళ్లుంటేగా! వేలాడుతూనే గిరిధర్ తలతిప్పి చూశాడు. తర్వాతి వంతు కోసం మోహనకృష్ణ కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. మాలతి ఫ్లాస్కు తీసి, మొగుడికని తెచ్చిన కాఫీ, మొగుడి గ్లాసులోనే అతనికి పోస్తోంది.

"పాపం, మావల్ల మీకు లేటయింది. తీసుకోండి అన్నయ్యగారూ."

"వాహ్! క్యా కాఫీ హై చెల్లెమ్మా! గిరిధర్ గారిది అదృష్టమంటే."

గిరిధర్ ఒళ్లు భగ్గుమంది. "మాలతీ! ఆ గ్లాసు నాదే!" అని అరుస్తూ ముందుకు దూకబోయాడు.

శిల్ప చేతిలో గుడ్డ జారిపోయింది.

"అంకుల్... మోటార్లు బంద్‌లో ఉన్నాయి."

"అయితే?"

"మీ కుడికాలు జానెడు ముందుకొచ్చింది. మెషీన్ కాదు, మీరే వేశారు!"

మాలతి భోరుమంది. గిరిధర్ తన కాలి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇదంతా నిమ్మకాయ మహిమేనని పార్వతమ్మ నర్సులందరికీ చెప్పింది.

మోహనకృష్ణ హుషారు మాత్రం దిగిపోయింది. తన నాలుగు వందల పన్నెండూ మోటార్లు వేసినవే. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు.

మర్నాడు అతను భార్య ఫణిశ్రీని ఫ్లాస్కుతో సహా వెంటబెట్టుకొచ్చాడు. పట్టీలు బిగించుకుని, శిల్ప చేత మోటార్లు ఆపించి, "ఊఁ, ఇక గిరిధర్ గారికి కాఫీ పొయ్యి" అన్నాడు.