పాటకి కుట్టిన కవరు

కవర్ల మేస్త్రికి ఈ భూమ్మీద తీరని కక్ష ఎవరిమీదైనా ఉందంటే అది సొంత బామ్మర్ది మీదే. ఆ బామ్మర్దిని కన్నతల్లితో సహా అందరూ స్టీరియో అనే పిలుస్తారు. పాటల పెట్టెలు అమ్మే షాపులో ఉద్యోగం. నోరు కూడా రెండు వైపుల నుంచీ మోగుతుంది. ఇప్పటికీ ఎవరైనా కదిపితే మేస్త్రి అదే చెప్తాడు: "పరాయివాడు కొంప ముంచడానికొస్తే తలుపేసుకోవచ్చు. వీడు లోపల కూర్చుని, కాఫీలో ఇంకాస్త పంచదార అడుగుతూ ముంచాడు."

ఆ రోజు పొద్దున మేస్త్రి అనుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి తన చేతుల కుర్చీలో కూర్చోవాలి, నాలుగు పాత పాటలు వినాలి, ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. రోజూ అంతే. సోఫాలకూ కారు సీట్లకూ కవర్లు కుట్టే కొట్టు అది. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది గానీ చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువు ఒక్కటి లేదు. ఫ్రిజ్జుకి జేబుల కవరు, మిక్సీకి కుచ్చుల కవరు, టీవీకి కర్టెను, గ్యాస్ బండకి గౌను. కొత్తగా ఇంటికొచ్చిన వస్తువు ఏదైనా సరే, ఆ రాత్రి గడిచేలోపు బట్టలు తొడుక్కోవాల్సిందే.

ఆ చేతుల కుర్చీ హాల్లో కిటికీ పక్కన ఉంటుంది. ఎదురుగా రెండు స్పీకర్లు, మధ్యలో నెట్‌లోంచి పాటలు లాగే చిన్న పెట్టె. ఏడు నుంచి ఎనిమిది వరకు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోకూడదు, అతనితో ఎవరూ మాట్లాడకూడదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంట్లో తనదంటూ మేస్త్రి సంపాదించుకున్న జాగా అదొక్కటే.

దాని మీద అత్తగారి కన్ను ఉంది. మోకాళ్ల నొప్పులు తగ్గేదాకా ఉంటానని వచ్చిన ఆవిడ, నొప్పుల్ని నమ్ముకుని స్థిరపడిపోయింది.

"కిటికీ దగ్గర గాలి బాగా తగుల్తుంది కదా అల్లుడుగారూ?" అంటుంది రోజుకోసారి.

"తగుల్తుంది అత్తయ్యా" అని మేస్త్రి కుర్చీలోంచి లేవకుండానే ఒప్పుకుంటాడు.

ఆ రోజు మేస్త్రి సరిగ్గా కుర్చీలో కూర్చున్న సమయంలోనే స్టీరియో ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు.

"బావా, ఈ చెత్త ఎలా వింటున్నావు?"

"బానే వినిపిస్తోంది కదరా."

"అదే జబ్బు. బాలేదని తెలియనంత అలవాటైపోయింది నీకు. చూడు, పాట నెట్‌లోంచి శుభ్రంగానే బయల్దేరుతుంది. మీ రౌటర్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో కరెంటు గోలంతా దానికి అంటుకుంటుంది. మధ్యలో నెట్ తీగలు కలిపే ఈ స్విచ్ పెట్టామనుకో, పాలు వడగట్టినట్టు వడగట్టి పంపిస్తుంది. మామూలు స్విచ్ కాదు, పాటల కోసమే చేసింది."

"నాకెందుకురా ఇవన్నీ?"

"మా ఓనరు ట్రయల్‌కి ఇచ్చాడు బావా. స్విచ్, కొత్త స్పీకర్లు, కొత్త పెట్టె, అన్నీ. నీ పాత సామాను నాకిచ్చెయ్. ఒక్క గిరాకీని ఇంటికి తీసుకొచ్చి వినిపించి, వాళ్లు కొన్నారనుకో, మొత్తం నీకే వదిలేస్తాడు."

"కొనకపోతే?"

"ఎందుకు కొనరు బావా!" అన్నాడు స్టీరియో. అది జవాబు కాదని మేస్త్రికి అప్పటికే తట్టి ఉండాల్సింది. కానీ కొత్త స్పీకర్లలో పాట మొదలయ్యింది. పాడేవాడు చరణానికి ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకున్న కళ్ల ముందునుంచే స్టీరియో పాత సామాను పట్టుకుపోయాడు.

కళ్లు తెరిచాక మేస్త్రికి ఒకటే బాధ. ఆ స్విచ్ వెండిరంగు డబ్బా. వెనక తీగలన్నీ బయటపెట్టుకుని, పదిమంది తిరిగే హాల్లో సిగ్గులేకుండా నిలబడి ఉంది. ఆ సాయంత్రం కొట్టులో మిగిలిన కుంకుమరంగు వెల్వెట్టు తీసి, లోపల అరంగుళం స్పాంజి వేసి, అంచుకి పైపింగు తిప్పి, తీగలొచ్చే చోట జిప్పు పెట్టి కవరు కుట్టాడు. చూసినవాళ్లు లోపల నగలున్నాయనుకోవాలి. అలా కుదిరింది.

మర్నాడు పొద్దున రెండో పాటలో గాయకుడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మూడో పాటలో నోరు పడిపోయింది.

"స్విచ్‌కి తోడు కావాలి బావా" అన్నాడు స్టీరియో ఫోన్లో, ఏమాత్రం తొణక్కుండా. "దానికి అందే కరెంటు మంచిది కాదు."

సాయంత్రానికి ఇటుకరాయంత బరువున్న కరెంటు పెట్టె దిగింది. అది నల్లగా, ఇంకా అనాకారిగా ఉంది. మేస్త్రి దానికీ వెల్వెట్టు తొడిగాడు. ఈసారి మొదటి పాటకే ఎక్కిళ్లు వచ్చాయి. స్టీరియో బొటనవేలంత లావు కేబుల్ తెచ్చాడు. మేస్త్రి దానికి పొడుగు చొక్కా కుట్టాడు. స్టీరియో గోల పీల్చే పెట్టె ఇంకొకటి తెచ్చాడు. మేస్త్రి దానికి రెండు పొరల స్పాంజి వేశాడు, ఖరీదైనదని చెప్పాడు కాబట్టి. ఒకడు పెట్టెలు తెస్తున్నాడు, ఒకడు కవర్లు కుడుతున్నాడు, పాట మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. ఇద్దరూ పనిమంతులే. అదే వచ్చిన చిక్కు.

పెట్టెలు చాలక స్టీరియో ఇంటిమీద పడ్డాడు. "ఏడు నుంచి ఎనిమిది దాకా ఫ్రిజ్జు ఆపాలి బావా. మిక్సీ వద్దు. ట్యూబులైటు అసలొద్దు, అది పెద్ద గోల."

మేస్త్రి భార్య పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది. ఎనిమిదిన్నరకల్లా అక్కడుండాలి. ఆమె కిటికీ లేని లోపలి గదిలో చీకట్లో తల దువ్వుకుని, చీకట్లో చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తీరా అక్కడికెళ్లాక చూసుకుంటే ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వాళ్లమ్మ చెప్పు.

"ఏమండీ, నేను మనిషినా, మీ పాటకి పట్టిన దుమ్మునా?" అంది ఆ సాయంత్రం చెప్పులు రెండూ ఎదురుగా పెట్టి.

"కొన్నాళ్లు ఓర్చుకోవే. సెట్టయిపోతుంది."

"మీకే సెట్టవ్వట్లేదు. మీరు కొట్టుకి వెళ్లాక సాయంత్రందాకా చక్కగా పాడుతుందట! అమ్మనడగండి."

"అవును అల్లుడుగారూ, నాకెప్పుడూ ఆగలేదు" అంది అత్తగారు లోపలినుంచి. "హాయిగా వింటాను."

"ఎక్కడ కూర్చుని?" అన్నాడు మేస్త్రి.

అత్తగారు లోపల మోకాళ్ల నూనె సీసా వెతుక్కోవడం మొదలుపెట్టింది.

చెప్పుల సంగతి అంతటితో పోలేదు. పళ్ల డాక్టరు వాటిని చూసి ఎందుకలా అని అడిగాడు. ఈమె పాట కోసం ఇంట్లో లైట్లార్పే సంగతి చెప్పింది. రోజంతా డ్రిల్లు మోతలో బతికే మనిషి ఆయన. "లైట్లార్పుకుని వినేంత గొప్పగా ఉంటుందా? ఆదివారం నేనూ వచ్చి వింటాను" అన్నాడు.

ఆ కబురు వినగానే స్టీరియో మేస్త్రిని వాటేసుకున్నాడు. "గిరాకీ ఇంటికే వస్తోంది బావా! ఆయన తీసుకుంటే ఇదంతా నీదే."

"తీసుకోకపోతే ఏంటని ఆరోజే అడిగాను."

"తీసుకోకపోతే సోమవారం ఓనరు అన్నీ పట్టుకుపోతాడు."

"నా పాతవి నాకిచ్చెయ్ మరి."

స్టీరియో గోడవైపు చూశాడు. "అవి ఎప్పుడో అమ్ముడుపోయాయి బావా."

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. అంటే డాక్టరు ఎదుట ఒక్క ఎక్కిలి వస్తే, సోమవారం నుంచి ఆ గంటా లేదు, ఆ పాటా లేదు. కిటికీ పక్కన ఉత్త కుర్చీ. మూగ కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేపడానికి ఈ ఇంట్లో ఎంతసేపు పడుతుంది?

శనివారమంతా స్టీరియో, సౌండు ఎలా తిరిగొస్తుందో చూడ్డానికట, హాలు నాలుగు మూలలా చప్పట్లు కొడుతూ తిరిగాడు. చివరికి తేల్చేశాడు.

"దొరికింది బావా! అమ్మ కూర్చుంటే పాడుతోంది, నువ్వు కూర్చుంటే ఆగుతోంది. లోపం పెట్టెల్లో లేదు."

"ఎవరిలో ఉందంటావు?"

"ఏమనుకోకు. నువ్వు ఎముకల మనిషివి. సౌండు నీకు తగిలి వెనక్కిపోయి మళ్లీ పెట్టెల్లో పడుతోంది. అమ్మ మెత్తని మనిషి, ఎంతొచ్చినా లోపలికి తీసుకుంటుంది. రేపు డాక్టరుగారు వచ్చినప్పుడు కుర్చీలో అమ్మే ఉండాలి."

"ఒరేయ్, నా కుర్చీలో నేను కూర్చుంటే పాట ఆగుతుందా? నీ చదువు తగలెయ్య! రేపు నేనే కూర్చుంటాను. ఎలా ఆగుతుందో నేనూ చూస్తాను."

ఆ రాత్రే కవర్లన్నీ దులిపి, ఇస్త్రీ చేసి, జిప్పులు మెడదాకా లాగాడు. డాక్టరంతటివాడు వస్తున్నాడు, పెట్టెలు మర్యాదగా కనపడొద్దూ?

ఆదివారం పళ్ల డాక్టరు వచ్చి సోఫాలో కూర్చున్నాడు. భార్య ఒక పక్కన నిలబడింది, ఈసారి రెండు కాళ్లకీ సొంత చెప్పులే. మేస్త్రి చేతుల కుర్చీలో రాజులా వెనక్కి వాలాడు. పాట ఎత్తుకుంది. డాక్టరు తల ఊగింది. పల్లవి అయింది, మొదటి చరణమూ అయింది. మేస్త్రి బామ్మర్ది వైపు గెలిచినట్టు చూశాడు. రెండో చరణం సగంలో గాయకుడికి ఎక్కిలి వచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆయన అసలు పాడడమే మానేశాడు.

"ఇది కూడా పాటలో భాగమేనా?" అన్నాడు డాక్టరు మర్యాదగా.

"బావా, లేచెయ్!" స్టీరియో గొంతు కీచుమంది. "అమ్మా, తొందరగా రా!"

అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. మేస్త్రి లేవలేదు. అప్పుడు భార్య అతని భుజం మీద చెయ్యివేసి, ఇరవైయేళ్ల కాపురమంతా ఆ వేళ్లలోకి తెచ్చి ఒక్క నొక్కు నొక్కింది. మేస్త్రి లేచాడు.

అత్తగారు వెంటనే కూర్చోలేదు. రోజూ అల్లుడు కొట్టుకెళ్లాక చేసి, అతనొచ్చేలోపు మళ్లీ తొడిగేసే పనే కాబట్టి ఎవరినీ అడక్కుండా పెట్టెల దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్క జిప్పూ లాగి కవర్లన్నీ ఊడదీసింది. రెండు ఈ మోకాలికి, ఒకటి ఆ మోకాలికి చుట్టుకుని, కేబుల్ చొక్కాని పిక్క మీదుగా కప్పుకుని, అప్పుడు కుర్చీలో కుదురుకుంది. "అమ్మయ్య, ఎంత కాగాయో! కాపడం పెట్టినట్టుంది" అని కళ్లు మూసుకుంది.

మేస్త్రి మెల్లిగా వెళ్లి బోడిగా మిగిలిన స్విచ్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. కాసేపాగి మళ్లీ ముట్టుకున్నాడు. కాస్త చల్లారింది. ఇంకాసేపటికి పాట ఎత్తుకుంది. ఒక్క ఎక్కిలి లేదు. గాయకుడు బతికొచ్చినవాడిలా పాడుతున్నాడు.

మేస్త్రికి మొత్తం అర్థమయింది. గోలా లేదు, ఎముకలూ లేవు, మెత్తదనమూ లేదు. పెట్టెల్ని ఊపిరాడకుండా చేసింది కుంకుమరంగు వెల్వెట్టు. అరంగుళం స్పాంజితో, పైపింగుతో, అతని సొంత చేత్తో కుట్టింది. అది చెప్పడానికే నోరు తెరిచాడు.

"అద్భుతం!" అన్నాడు డాక్టరు అప్పుడే. "కానీ ఒక సందేహం. ఇందులో పెట్టెల గొప్ప ఎంత, ఈవిడ గొప్ప ఎంత?"

"రెండూ ఉండాలి డాక్టరుగారూ" అన్నాడు స్టీరియో.

"ఇబ్బంది లేదు. మా అత్తగారు కూడా మా దగ్గరే ఉంటారు. ఇలాంటి సెట్టే మొత్తం పంపించెయ్యండి." డాక్టరు లేచి, అత్తగారి మోకాళ్ల వైపు వంగి చూశాడు. "ఆ కవర్లు కుట్టిందెవరు? ఏం పనితనమండీ! నా పెట్టెలన్నిటికీ అవే కావాలి."

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. భార్య ముఖం వెలిగిపోతోంది. ఆమె పై అధికారి ఆమె మొగుడి పనిని మెచ్చుకోవడం అదే మొదలు. మేస్త్రి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. నిజం చెప్తే డాక్టరు బేరం పోతుంది, బేరంతోపాటు పాట పోతుంది. అవన్నీ అలా ఉంచినా, ఇన్నేళ్లుగా కవర్లు కుట్టిన మనిషి, కవరు వల్ల చెడిందని నలుగురి ముందు తన నోటితో అనాలి.

"నేనేనండీ" అన్నాడు మేస్త్రి. "మీకు మాత్రం స్పాంజి లేకుండా, పలచటి గుడ్డతో, వెనక గాలికి కిటికీలు పెట్టి కుడతాను. కొత్త ఫ్యాషను."

సామానంతా మేస్త్రికే మిగిలింది. సోమవారం ఏడింటికల్లా కవర్లు ఊడదీసి హాయిగా విందామని, సంగతి తెలిసినవాడి ధీమాతో హాల్లోకొచ్చాడు. కవర్లు అప్పటికే ఊడి, కుర్చీలో కూర్చున్న అత్తగారి మోకాళ్ల మీద ఉన్నాయి. రాత్రంతా కాగినవి పొద్దున్నే తీస్తేనే మోకాళ్లకి పనిచేస్తాయట.

"అత్తయ్యా, కవర్లు పట్టుకెళ్లి లోపల కూర్చోవచ్చుగా?"

"కూర్చుందును అల్లుడుగారూ. నేను లేస్తే మీ పాట ఆగిపోతుంది కదా?"

"ఆగదు అత్తయ్యా!"

"ఎందుకాగదు?" అంది భార్య వంటింట్లోంచి. "మీకేమైనా తెలుసా?"

మేస్త్రికి తెలుసు. ఏమీ తెలీదన్నాడు.

అప్పట్నుంచి అతను వంటింటి గుమ్మానికి ఆనుకుని పాటలు వింటున్నాడు. బాగానే వినిపిస్తాయి. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం ఒక్కటే అక్కడిదాకా రాదు. ఆ వారంలోనే అత్తగారు కుర్చీకి కొత్త కవరు అడిగింది. పక్కన కళ్లజోడుకి జేబు కూడా ఉండాలంది. మేస్త్రి టేపు తీసి, కొలతలు తప్పు రాకుండా రెండుసార్లు చూసుకున్నాడు.

ఇంట్లో ఒకప్పుడు తనదైన జాగా అంతా అంతే: ముప్పై ఆరు అంగుళాల పొడవు, ముప్పై అంగుళాల వెడల్పు, కిటికీ వైపు.